ఖాసీ కొండల నీలిపూవు – జోసెఫ్ హుకరు జీవితం

1850వ సంవత్సరం శరత్కాలం. అస్సాం మైదానానికి దక్షిణాన ఉన్న ఖాసీ కొండలలో ఒక బస. ఆ బస వరండాలో నేలపై మూడు పూలరాశులు పోసి ఉన్నవి. ఒక్కొక్క రాశి గజమెత్తు. పూలన్నీ లేత నీలిరంగువి. రేకులపై ముదురు నీలపు గీతలు గళ్ళుగళ్ళుగా అల్లుకొన్నవి. గుత్తులు లెక్కింపగా 360 తేలినవి. ఒక్కొక్క గుత్తికి 6 మొదలు 21 వరకు పూలున్నవి. ఒక్కొక్క పూవు మూడున్నర నుండి నాలుగు అంగుళాల వెడల్పు. ఈ రాశులను పోయించినవాడు ముప్పదిమూడేండ్ల ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు. ఇన్ని గుత్తులలో ఒక్కదానినైనా వాడిపోకుండ లండను సమీపాన జరిగే పుష్పప్రదర్శనకు చేర్చగలిగితే అందుకు ఏమిచ్చినా తక్కువేనని అతడు తలపోసినాడు. అది సాధ్యం కాదని అతనికి తెలుసు.

ఆ శాస్త్రజ్ఞుని పేరు జోసెఫ్ డాల్టన్ హుకరు. ఆ పూవు పేరు నీలి వందా. వృక్షశాస్త్రంలో వాండా సీరూలియా. తొంబదినాలుగేండ్ల అతని దీర్ఘజీవితంలో ఆ పూవుతో గడచినవి కొద్ది దినాలు మాత్రమే. అయినను ఒక మొక్కను తెలిసికొనుట యెట్టిదో, దానిని తెచ్చుకొనుట యెట్టిదో, ఆ రెంటికీ నడుమ ఎంత దూరమున్నదో ఆ కొద్ది దినాల కథ తేటగా తెలుపుతున్నది.

నాచు పట్టిన గోడ

హుకరు 1817 జూన్ 30వ తేదీన ఇంగ్లండులోని సఫోక్ మండలంలో హేల్స్‌వర్త్ అనే చిన్న పట్టణంలో జన్మించినాడు. తండ్రి విలియం జాక్సన్ హుకరు పేరుపొందిన వృక్షశాస్త్రజ్ఞుడు. 1820లో తండ్రికి గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి లభింపగా కుటుంబం స్కాట్లండుకు తరలినది. బాలునికి అయిదారేండ్లు ఉన్నప్పుడు గ్లాస్గో నగరపు మురికిపేటలో ఒక గోడను గోకుతూ కూర్చున్నాడు. ఏమి చేస్తున్నావని అడిగినవారికి గోడపై తాను కనుగొన్న నాచుమొక్కను చూపి దాని లాటిను పేరు చెప్పినాడు. ఏడేండ్లు నిండేసరికి తండ్రి విశ్వవిద్యాలయంలో ఇచ్చే ఉపన్యాసాలకు పోయి పెద్దవారి నడుమ కూర్చుండి వినడం మొదలుపెట్టినాడు.

అదే వయసులో తాతగారి మోకాళ్ళపై కూర్చుండి కెప్టెను కుక్ సముద్రయాత్రల గ్రంథంలోని బొమ్మలు చూచేవాడు. దక్షిణ సముద్రంలోని కెర్గెలెన్ అనే నిర్జనద్వీపంలో నావికులు పెంగ్విను పక్షులను వేటాడుతున్న చిత్రం అతని మనస్సులో నాటుకొన్నది. ఎప్పటికైన ఆ ద్వీపాన్ని చూడవలెననుకొన్నాడు. బాల్యంలో అందరికీ ఇట్టి కోరికలు కలుగుతవి. హుకరుకు మాత్రం ఆ కోరిక నెరవేరినది. 1839లో గ్లాస్గోలో వైద్యపట్టం పుచ్చుకొని, జేమ్స్ క్లార్క్ రాస్ నాయకత్వాన దక్షిణధ్రువ సముద్రాలకు బయలుదేరిన ఎరెబస్ నౌకలో సహాయవైద్యుడుగా చేరినాడు. 1840లో ఆ నౌక కెర్గెలెన్ రేవులో లంగరు వేసినది.

నాలుగేండ్లు సాగిన ఆ యాత్రలో అతడు చూడని శీతలభూమి లేదు. న్యూజీలండు, టాస్మేనియా, ఫాక్లండు దీవులు, ధ్రువపు మంచుగోడలు అన్నీ అతని కంటబడినవి. ఓడ బయలుదేరుటకు ముందు చార్లెస్ డార్విను వ్రాసిన బీగిల్ యాత్రాగ్రంథపు అచ్చుప్రతులు అతని చేత పడినవి. వాటిని తలగడ క్రింద పెట్టుకొని నిద్రించి, తెల్లవారగానే చదివేవాడు. 1843లో తిరిగి వచ్చిన పిమ్మట ఆ డార్వినే అతనికి ప్రాణమిత్రుడైనాడు. జీవజాతులు మార్పులేనివి కావన్న తన ఊహను డార్విను 1844 జనవరిలో ఒక లేఖలో హుకరుకే వెల్లడించినాడు. లోకానికి తెలియుటకు పదునాలుగేండ్ల ముందే ఆ రహస్యం హుకరు వద్ద భద్రంగా ఉన్నది.

హిమాలయాల దారి

చలిదేశాల మొక్కలను చూచినవానికి ఉష్ణదేశాల మొక్కలను కూడ చూడవలెనన్న కాంక్ష కలుగుట సహజం. 1841 నుండి తండ్రి లండను సమీపంలోని క్యూ రాజోద్యానానికి అధ్యక్షుడుగా ఉన్నాడు. క్యూ కొరకు మొక్కలు సేకరించే పనిమీద హుకరు 1847 నవంబరులో ఇంగ్లండు విడిచినాడు. నూతన గవర్నరు జనరలు డల్హౌసీ ప్రభువు పరివారంతో కలిసి 1848 జనవరిలో కలకత్తా చేరినాడు. ఏప్రిలులో డార్జీలింగు ప్రవేశించినాడు. అక్కడ బ్రయన్ హాడ్జిసన్ అనే విద్వాంసుడు అతనికి ఆతిథ్యమిచ్చినాడు.

అటుపై రెండేండ్ల కాలం సిక్కిం కనుమలలోను, తూర్పు నేపాలు లోయలలోను అతడు సంచరించినాడు. రోడోడెండ్రాను జాతులను పదులకొద్ది తొలిసారిగా వర్ణించినాడు. వాటి చిత్రాలతో తండ్రి ప్రకటించిన గ్రంథం ఐరోపా తోటలలో ఆ చెట్లకు గొప్ప గిరాకి తెచ్చినది. 1849 నవంబరులో సిక్కిం దివాను మనుషులు హుకరును, డార్జీలింగు పాలనాధికారి ఆర్చిబాల్డ్ క్యాంప్‌బెల్‌ను నిర్బంధించినారు. వారి కోపం క్యాంప్‌బెల్ పైననే. అయినను మిత్రుని విడిచిపెట్టి పోవడానికి హుకరు అంగీకరించలేదు. బందీగా నడుస్తూ కూడ దారిపొడుగున మొక్కల వివరాలు వ్రాసికొన్నాడు. డిసెంబరులో వారికి విడుదల లభించినది.

మరుసటి సంవత్సరం గ్లాస్గోనాటి సహాధ్యాయి థామస్ థామ్సన్ వచ్చి కలిసికొన్నాడు. ఇద్దరూ కలిసి 1850 వేసవిలో బెంగాలు నదుల మీదుగా పడవలలో ప్రయాణించి ఖాసీ కొండలకు చేరినారు. చిరపుంజి వారికి మకామైనది. అక్కడి వానను గురించి అంతకు ముందు విన్న మాటలు అతిశయోక్తులు కావని వారికి త్వరలోనే తెలిసినది. ఒక్క రాత్రింబవళ్ళలో 30 అంగుళాల వర్షం కురియుట వారు స్వయంగా కొలిచినారు. వారున్న ఏడు నెలలలో 500 అంగుళాలకు పైగా కురిసినది. అంతటి వానలో కాగితాలు తడవకుండ, సేకరించిన మొక్కలు కుళ్ళకుండ నిప్పు రాజేసి ఆరబెట్టుకొంటూ పనిచేసినారు. చిరపుంజి చుట్టు పదిమైళ్ళలోనే రెండువేలకు మించిన పుష్పజాతులున్నట్లు హుకరు అంచనా వేసినాడు. వాటిలో ఆర్కిడ్ కుటుంబమే పెద్దది. ఖాసీ సీమలో దాదాపు 250 రకాలు ఉన్నవని అతడు వ్రాసినాడు.

చెట్టెక్కిన మొక్క

ఆర్కిడ్లలో నేలపై పెరిగేవి కొన్ని, చెట్లకొమ్మలపై పెరిగేవి కొన్ని. వందా రెండవ తెగకు చెందినది. ఈ పేరు సంస్కృతం నుండి వచ్చినది. అమరకోశంలో వందా అన్న మాటకు వృక్షాదని, వృక్షరుహ అనునవి పర్యాయపదాలు; మొదటిదానికి చెట్టును తినేదని, రెండవదానికి చెట్టుపై మొలిచేదని అర్థం. సర్ విలియం జోన్సు ఈ మాటను ఆర్కిడ్లకు పేరుగా వాడినాడు. తెలుగువారు బదనిక అని పిలిచే మొక్క నిజంగానే చెట్టులోనికి వేళ్ళు చొప్పించి దాని రసాన్ని పీల్చుకొంటుంది. ఆర్కిడ్ ఆ పని చేయదు. దానికి చెట్టు నివాసమే కాని ఆహారం కాదు. బెరడును పట్టుకొని గాలిలో వ్రేలాడే దాని వేళ్ళపై తెల్లని మెత్తని పొర ఉంటుంది. వాన కురిసినప్పుడు ఆ పొర నీటిని పీల్చి నిలువ చేసికొంటుంది. ఆకులు ఎండవలన ఆహారం తయారు చేసికొంటవి. కనుక చెట్టును తినేదన్న పేరు ఆర్కిడ్‌కు తగదు. చెట్టుపై మొలిచేదన్న పేరే తగినది.

నీలి వందాకు చుట్టమైన మొక్క ఒకటి తెలుగుదేశంలోనే ఉన్నది. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బరో కోరమండల తీరపు మొక్కలను గురించిన తన మహాగ్రంథపు మొదటి సంపుటంలో దానిని వర్ణించి చిత్రింపజేసినాడు. రేకులపై గళ్ళుండుటచేత గళ్ళు అను అర్థమిచ్చే లాటిను మాటతో దానికి పేరు పెట్టినాడు. నేటి శాస్త్రంలో అది వాండా టెస్సలాటా. దాని పూలు గోధుమవన్నెతో చిన్నవిగా ఉంటవి. గళ్ళ పోలిక అదే, వన్నె మాత్రం నీలమై, పూవు పెద్దదైనది ఖాసీ కొండల వందా. దానిని 1837లో విలియం గ్రిఫిత్ అనే వైద్యుడు ఖాసీ కొండలలో కనుగొన్నాడు. అతడు 1845లో మలక్కాలో మరణించిన తరువాత, 1847లో జాన్ లిండ్లీ దాని వర్ణనను లండనులో ప్రకటించినాడు. ఆర్కిడ్లలో నీలిరంగు మిక్కిలి అరుదు. ఐరోపా ధనవంతులు ఆ వార్త విని ఊరకుండలేదు.

ఆ కాలపు ఇంగ్లండులో ఆర్కిడ్లు పెంచుట ప్రభువులకు ప్రతిష్ఠాచిహ్నమైనది. డెవన్‌షైర్ డ్యూకు తన తోటమాలి జాన్ గిబ్సన్‌ను ఖాసీ కొండలకు పంపి అనేక ఆర్కిడ్లు తెప్పించుకొన్నాడు. ఆవిరితో వెచ్చబెట్టిన అద్దాల గృహాలలో వాటిని ఉంచేవారు. ఉష్ణదేశపు మొక్కలు గనుక ఉడుకు, తేమ, కదలని గాలి వాటికి హితమని భావించేవారు. ఎంతో వెలపోసి తెప్పించిన మొక్కలు ఆ ఇండ్లలో వేలకొద్ది కుళ్ళి చచ్చినవి. చచ్చినకొద్ది కొత్తవి కావలసివచ్చినవి.

లెర్నాయ్ వనంలో

హుకరు, థామ్సనులు ఖాసీ కొండలలో చేసిన ప్రయాణంలో లెర్నాయ్ అనే గ్రామం సమీపాన ఓకు చెట్ల వనం గుండా నడచినారు. అక్కడ నీలి వందా విస్తారంగా పూచి ఉన్నది. కొమ్మకొమ్మకు నీలిగుత్తులు గాలికి ఊగుతున్నవి. అందరివలె హుకరు కూడ ఆ సౌందర్యానికి ఆనందించినాడు. కాని అతడు అంతటితో ఆగక, ఆ మొక్క ఎక్కడ, ఎట్లు బ్రదుకుతున్నదో నిదానించి చూచినాడు.

ఆ కొండలు సముద్రమట్టానికి మూడు నుండి నాలుగువేల అడుగుల ఎత్తున ఉన్నవి. నేలంతా ఎండుగడ్డి. చెట్లు పొట్టివి, వంకరలు తిరిగినవి, ఆకులు పలుచనైనవి. అందువలన కొమ్మపైనున్న వందాకు ఎండ, వాన, గాలి అన్నీ సూటిగా తగులుతవి. అది పెరిగిన కొమ్మలపై నాచు లేదు. దాని వేళ్ళు ఎండిన గరుకు బెరడుపై ప్రాకి ఉన్నవి. వానకాలంలో గాలిలో తేమ మిక్కుటమే. కాని ఉక్క లేదు, గాలి స్తంభించుట లేదు. పూచే కాలంలో వేడిమి ఫారన్‌హీటు మానంలో 60 నుండి 80 డిగ్రీల నడుమ ఉంటుంది. పగటి పూట గాలి, బెరడు రెండూ పొడిగా ఉంటవి. చలికాలంలో నేలపై మంచు పేరుకొంటుంది.

ఈ వివరాలన్నీ హుకరు తన హిమాలయ యాత్రాగ్రంథంలో వ్రాసినాడు. 1854లో ప్రకటించిన ఆ గ్రంథాన్ని డార్వినుకు అంకితం చేసినాడు. శీతకాలపు చలి, వేసవి వేడిమి, శరత్కాలపు పొడి, అన్నిటినిమించి నిరంతరం వీచే స్వచ్ఛమైన గాలి ఈ మొక్కకు ప్రాణాలని, ఇంగ్లండు తోటమాలులు సరిగా వీటినే దానికి దూరం చేస్తున్నారని అందులో హెచ్చరించినాడు. మొక్కకు ఏమి కావలెనో తోటమాలి ఊహించరాదు; అది పుట్టిన చోటును చూచి తెలిసికొనవలె. ఈ సూత్రం నేడు సామాన్యంగా తోచవచ్చు. ఆనాటి ఐరోపాలో దానిని ఎరిగినవారు అరుదు.

ఏడుగురి బరువు

ఇంతగా ఆ మొక్క నివాసాన్ని తెలిసికొన్న హుకరే దానిని అక్కడినుండి ఊడదీయించినాడు. క్యూ ఉద్యానం కొరకు ఏడుగురు కూలీలు మోసేటంత వందాను సేకరించినాడు. దారిలో కలిగిన అడ్డంకుల వలన వాటిలో ప్రాణంతో ఇంగ్లండు చేరినవి కొద్ది మాత్రమే. మిగిలినవన్నీ దారిలోనే నశించినవి.

అతనితోపాటు మరొక పెద్దమనిషి తన తోటమాలిని పంపినాడు. ఆ చోటును చూపించుమని కోరినాడు. హుకరు చూపించినాడు. ఆ తోటమాలి ఒక్క మనిషి మోసే బరువు మాత్రమే ఇంగ్లండుకు పంపినాడు. మొక్కలు చాల చెడిపోయి చేరినను 300 పౌన్లకు అమ్ముడైనవి. ఒక్కొక్క మొక్క 3 నుండి 10 పౌన్ల ధర పలికినది. అన్నీ సజీవంగా చేరి ఉంటే వెయ్యి పౌన్లు వచ్చెడివని హుకరు లెక్క వేసినాడు. చురుకైన సేకర్తకు తనకున్నట్టి సౌకర్యాలే ఉంటే, ఖాసీ ఆర్కిడ్ల అమ్మకం మీద ఒక్క ఋతువులో రెండు మూడువేల పౌన్లు గడించవచ్చునని కూడ తన గ్రంథంలో అడుగున వ్రాసినాడు. ఒకే పుటలో పైన మొక్క నివాసం, క్రింద దాని వెల. పైభాగం చదివి నేర్చుకొన్న తోటమాలులు కొందరైతే, క్రిందిభాగం చదివి ఆశపడిన వర్తకులు మరికొందరు.

ఆ ఆశ ఎక్కడికి దారితీస్తుందో హుకరుకు తెలియనిది కాదు. చిరపుంజి నుండి తండ్రికి వ్రాసిన లేఖలలో అక్కడి దారుల దుస్థితిని తెలిపినాడు. కలకత్తా ఉద్యానం పంపిన మనుషులు ఇరువదిముప్పదిమంది, వర్తకుల మనుషులు, అధికారుల మిత్రులు అందరూ ఆ కొండలపై పడినారు. కలకత్తా మనుషులు ఒక్కమారే వెయ్యి గంపలు క్రిందికి పంపినారు. మొక్కల కొరకు కొమ్మలనే నరికినారు. పెనుగాలి వీచి పోయిన తరువాత వలె మైళ్ళ పొడుగున బాటలపై కుళ్ళిన కొమ్మలు, ఆర్కిడ్లు చెల్లాచెదురై ఉన్నవని అతడు వ్రాసినాడు. పినాంగు అడవులు అంతకు ముందే ఈ విధంగా బోసిపోయినవని గుర్తు చేసికొన్నాడు. ఇంత చూచి, ఇంత వ్రాసి, తానును ఏడుగురి బరువు మోయించినాడు. తన సంగతిని దాచలేదు. అది అతని గొప్పతనం. ఆగలేదు, అది అతని కాలపు దౌర్బల్యం, అతని దౌర్బల్యం కూడ.

అదే ఖాసీ ప్రజలు కొన్ని వనాలను దేవతలకు విడిచిపెట్టినారు. నేటి షిల్లాంగు సమీపాన మౌఫ్లాంగ్ గ్రామంలో అట్టి వనం ఒకటి ఇప్పటికీ ఉన్నది. దానిలోనుండి ఆకు కాని, పుల్ల కాని, రాయి కాని బయటికి తీసికొనిపోరాదన్నది వారి ఆచారం. ఆ వనపు చెట్లపై ఆర్కిడ్లు ఈనాడును పూస్తున్నవి. శాస్త్రం నేర్పని సంయమనాన్ని ఆచారం కాపాడినది.

క్యూ ఉద్యానంలో

1851లో హుకరు స్వదేశం చేరినాడు. అదే సంవత్సరం డార్విను గురువైన హెన్‌స్లో కుమార్తె ఫ్రాన్సెస్‌ను వివాహమాడినాడు. 1855లో క్యూ ఉద్యానానికి ఉపాధ్యక్షుడుగాను, తండ్రి మరణించిన 1865లో అధ్యక్షుడుగాను నియుక్తుడైనాడు. 1858 జూలై 1వ తేదీన డార్విను, వాలేసుల పరిణామ సిద్ధాంత వ్యాసాలను లిన్నియన్ సంఘం ఎదుట పెట్టించినవారు హుకరు, లయెల్‌లు. ఆర్కిడ్ల పరాగసంపర్కాన్ని గురించి 1862లో డార్విను ప్రకటించిన గ్రంథానికి కావలసిన పూలు కొన్ని క్యూ నుండి హుకరే పంపినాడు. మరుసటి సంవత్సరం ఆరేండ్ల కుమార్తె మరణించినప్పుడు ఆ దుఃఖాన్ని అతడు మొదట చెప్పుకొన్నది డార్వినుకే. డార్విను కూడ అట్టి పుత్రికాశోకం అనుభవించినవాడే.

హుకరు కాలంలో క్యూ సామ్రాజ్యానికి వృక్షభాండాగారమైనది. బ్రెజిలు రబ్బరు గింజలు 1876లో అక్కడ మొలకెత్తి సింహళానికి, మలయాకు పోయినవి. మొక్కలు ఒక దేశం నుండి మరొక దేశానికి పోవుట అతనికి నిత్యకృత్యం. కాని మొక్కలు శాశ్వతంగా పోవుట కూడ ఉన్నదని అతడు ఎరుగును. 1866లో నాటింగ్‌హాంలో ద్వీపాల మొక్కలను గురించి ఉపన్యసిస్తూ సెంట్ హెలీనా ద్వీపపు కథ చెప్పినాడు. నావికులు విడిచిన మేకలు ఆ ద్వీపపు అడవులను మొలకదశలోనే తినివేయగా, లోకంలో మరెక్కడా లేని జాతులు కొన్ని అంతరించినవి. దక్షిణ సముద్రయాత్రలో ఆ ద్వీపాన్ని అతడు కన్నులారా చూచినాడు. పోయినజాతి తిరిగి రాదన్న సత్యం అప్పటి శాస్త్రజ్ఞులలో అతనివలె స్పష్టంగా చెప్పినవారు కొద్దిమంది.

1885లో పదవి విరమించి సన్నింగ్‌డేల్‌లోని తన ఇంట స్థిరపడినాడు. విశ్రాంతి మాత్రం పుచ్చుకొనలేదు. బ్రిటిషు ఇండియా వృక్షసంపదను వర్ణించే ఏడు సంపుటాల మహాగ్రంథం 1872లో ఆరంభమై 1897లో ముగిసినది. అందులోని ఆర్కిడ్ల భాగాన్ని ఇతరులకు అప్పగించక తానే వ్రాసినాడు. వెయ్యికి మించిన జాతులు. చాలభాగం ఎండి నలిగిన పూలు. వాటిని నీటిలో నానబెట్టి, భూతద్దం క్రింద విప్పి, ఒక్కొక్కదానిని పోల్చిచూచి వ్రాయవలసివచ్చినది. రాక్స్‌బరో సామర్లకోట వందా, గ్రిఫిత్ ఖాసీ వందా అక్కడ ఒకే చోట చేరినవి. ఏడుపదులు దాటిన వయసులో అతడు చేసిన ఈ పని భారతీయ ఆర్కిడ్లను చదివేవారికి నేటికిని పునాది. బ్రదికిన మొక్కలు ఏడుగురి బరువు దారిలో నశింపగా, ఎండినవాటినుండి అతడు కూర్చిన జ్ఞానం నిలిచినది.

1907లో ఇంగ్లండు రాజు అతనికి ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదమిచ్చి గౌరవించినాడు. చివరి సంవత్సరాలలో కాశీతుమ్మ కుటుంబపు మొక్కలను పరిశీలిస్తూ 1911 డిసెంబరు 10వ తేదీన మరణించినాడు. వెస్ట్‌మినిస్టర్ ఆలయంలో డార్విను సమీపాన సమాధి కల్పించడానికి ప్రతిపాదన వచ్చినది. కాని అతని కోరిక ప్రకారం క్యూ గ్రామపు చర్చిలో తండ్రి సమాధి ప్రక్కనే అతనిని ఉంచినారు.

పూవు తరువాతి కథ

నీలి వందా ఐరోపాలో మొదట పూచినది 1850 డిసెంబరులో, వీచ్ అనే నర్సరీ యజమాని గృహంలో. థామస్ లాబ్ అనే సేకర్త ఖాసీ కొండల నుండే దానిని పంపినాడు. తరువాతి దశాబ్దాలలో దాని కొరకు కొండలెక్కినవారికి లెక్క లేదు. ఒక ప్రక్క సేకర్తలు, మరొక ప్రక్క అడవుల నరికివేత. హుకరు విస్తారమన్న పూవు అరుదైనది.

అది త్వరగా కోలుకొనకపోవడానికి కారణం దాని పుట్టుకలోనే ఉన్నది. ఆర్కిడ్ విత్తులు ధూళి వలె సన్ననివి; వాటిలో మొలకకు కావలసిన ఆహారం ఉండదు. ఒకవిధమైన శిలీంధ్రం సాయపడితేనే అవి మొలుస్తవని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నోయెల్ బెర్నార్ 1899లో కనుగొన్నాడు. కొమ్మ, బెరడు, శిలీంధ్రం, గాలి అన్నీ కుదిరినచోట లక్షల విత్తులలో ఏ ఒక్కటో మొక్క అవుతుంది. అది పూచుటకు మరి కొన్ని ఏండ్లు. కొమ్మను నరికినవాడు మొక్కతోపాటు దాని ఊయలను కూడ నరికినవాడే.

1922లో అమెరికాలోని లూయిస్ నడ్సన్ శిలీంధ్రం లేకనే పంచదార కలిపిన ఆహారంపై గాజు సీసాలలో విత్తులను మొలిపించినాడు. ఆ పద్ధతి వలన ఆర్కిడ్లను తోటలలోనే లక్షలుగా పెంచుట సాధ్యమైనది. నీలి వందా సంతతి నేడు పూలదుకాణాలలో వన్నెవన్నెలుగా కనబడుతున్నది. అడవిలోని మొక్కకు మాత్రం చట్టం రక్షణ కావలసివచ్చినది. అంతర్జాతీయ వ్యాపార నిషేధపు మొదటి పట్టికలో ఉన్న దానిని, తోటపెంపకం విస్తరించిన పిమ్మట, 2005లో రెండవ పట్టికకు మార్చినారు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణ నీలి వందాను రక్షిత మొక్కలలో చేర్చినది. అనుమతి లేనిదే అడవిలో దానిని పెరుకుట నేరం.

హుకరు వ్రాసిన పుట ఇప్పటికిని చదువరులకు లభిస్తున్నది. పైభాగంలో లెర్నాయ్ వనం, వంకర ఓకు చెట్లు, పొడి బెరడు, నీలిగుత్తులను ఊపే గాలి. క్రింద పౌన్ల లెక్క. ఆ లెక్కలోని ధరలు ఏనాడో చెల్లని కాసులైనవి. పైభాగం ఒక్కటే నేటికిని ఉపయోగపడుతున్నది. పోయిన మొక్కను ఏ కొండమీద, ఏ చెట్టుమీద, ఎంత ఎండలో మరల నిలుపవలెనో తెలియగోరేవారికి ఆ వాక్యాలే దారి చూపుతవి.